పాదాల వాటా

ఒక్క గంట మోగితే పళ్ళ డాక్టరు గివీకి,
రెండు మోగితే అష్ఖేన్‌కు,
మూడు మోగితే అప్పులవాళ్ళని తెలిసి
ఎవరూ పలకని గదికి,
ఐదు మోగితే మాకు.
అంకెలు నేను బళ్ళో నేర్చుకోలేదు.

తిబిలిసిలో, సోలోలాకి ఏటవాలు వీధిలో
ఈ ఇల్లు కట్టినవాడు పొగాకు వ్యాపారి ఎర్జింక్యాన్.
ఇటలీ నుంచి పాలరాయి, ఒడెస్సా నుంచి అద్దాలు,
ఎక్కడి నుంచో తాగుబోతు చిత్రకారుడు ఒకడు.
నాట్యశాల పైకప్పంతా పరుచుకునేలా
ద్రాక్షపళ్ళు విసిరే ఒక ఆడమనిషిని గీశాడట వాడు.
గీశాడట అంటున్నాను,
మొత్తం ఆమెను చూసినవాళ్ళు మా కాలానికి లేరు.

పదహారు చలికాలాలు ఉన్నాడు వ్యాపారి.
పదిహేడోది రాకముందే
ఒక దుప్పటీ, ఒక గోడగడియారం చంకన పెట్టుకుని
పనివాళ్ళ మెట్ల మీదుగా దిగిపోయాడు.
తర్వాత కొన్నాళ్ళు లెక్కల ఆఫీసు,
యుద్ధంలో నలభై మంచాల ఆసుపత్రి.
మా గుమ్మం పక్కన అయొడిన్ మరక
ఎన్ని సున్నాలు వేసినా పైకి తేలేది.

ఆ తర్వాత వచ్చాం మేం, పదకొండు కుటుంబాలం.
నాట్యశాలను ప్లైవుడ్డుతో నాలుగు వాటాలు చేశారు.
ముఖం అష్ఖేన్ వాటాలోకి పోయింది,
ద్రాక్షగుత్తి ఉన్న చెయ్యి గివీకి,
నడుమూ చీరెడు గుడ్డా ఆ పలకని గదికి,
మాకు పాదాలు.
తట్టు పోసి పడుకున్న పదిరోజులూ
ఆ వేళ్ళే లెక్కపెట్టాను.
ఎడమ పాదానికి ఆరు.
అమ్మను లేపి మరీ చూపించాను.
"తాగి గీసుంటాడు, పడుకో" అంది అమ్మ.

ముఖం ఎలా ఉంటుందని అడిగితే
అష్ఖేన్ ఎప్పుడూ ఒకే మాట:
"నవ్వుతుంది, నిన్ను చూసే."
లోపలికి మాత్రం రానిచ్చేది కాదు.
వంటింట్లో పదకొండు పొయ్యిలు,
పదకొండు బల్బులు, పదకొండు స్విచ్చులు,
ఒకరి ఉప్పు ఒకరు వాడితే వారం రోజుల గొడవ.
గివీ చచ్చిపోయిన రాత్రి మాత్రం
అందరి బల్బులూ తెల్లారేదాకా వెలిగాయి.

తొంభైల్లో గ్యాసు లేదు, కరెంటు లేదు, వీధిలో తుపాకులు.
నాట్యశాల నేలను పలక పలకగా ఊడదీసి
పొయ్యిలో వేశాం.
నున్నగా అరగదొక్కిన ఓకు చెక్క
భలే మండేది.
గుర్రాలశాలలోకి సుఖుమి నుంచి పారిపోయొచ్చిన వాళ్ళు చేరారు.
వాళ్ళకు గంట లెక్క చెప్పలేదు ఎవరమూ.
అప్పటికి గంటే మోగడం లేదు.

ఒకరోజు నీలం టై కట్టుకున్న కుర్రాడొచ్చి
వాటా వాటాకీ ఒక ధర చెప్పాడు.
అమ్మ పాదాలను అమ్మి
ఊరి చివర తొమ్మిదో అంతస్తులో రెండు గదులు కొంది.
లిఫ్టుకు చిల్లర వెయ్యాలని తెలిసి ఏడ్చింది.

ఇప్పుడిది హోటలు.
దుప్పట్లు ఇస్త్రీ చేసే పని నాది, రాత్రి వాటం.
గదుల్లో పెట్టే పుస్తకంలో రెండే వాక్యాలు:
వ్యాపారి కట్టాడు. మేం పునరుద్ధరించాం.
మధ్యలో ఉన్న ఆ చుక్కలో
పదకొండు కుటుంబాలం కాపురం చేశాం.

పోయిన మంగళవారం పెళ్ళి విందు ముగిశాక
కుర్చీల ముసుగులు తియ్యడానికి నన్ను పంపారు.
నాలుగు గోడల మధ్య ఒకే గది.
తలెత్తాను.
ముఖం నవ్వడం లేదు.
ఎవరో పిలిచినట్టు తలుపు వైపు తిరిగి ఉంది.
అష్ఖేన్ నాకెందుకు అబద్ధం చెప్పిందో
ముసుగులు మడతపెడుతూ చాలాసేపు ఆలోచించాను.

వెళ్ళబోతూ మా మంచం ఉండే చోట నిలబడ్డాను.
కొత్త రంగు, శుభ్రమైన గీత, బంగారు అంచు.
ఎడమ పాదం.
మెడ నొప్పెట్టేదాకా
మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను.

ఐదు.